ఊళ్లోకి పెద్ద డిస్కౌంట్ మార్ట్ వస్తున్నప్పుడు చిన్న కిరాణా కొట్టును నిలబెట్టుకోవడం ఎలా?

మీ కొట్టుకు కిలోమీటరు దూరంలో ఖాళీ స్థలం చదును చేసి, చుట్టూ రేకులు కట్టి, పిల్లర్లు లేపుతున్నారంటే, పెద్ద డిస్కౌంట్ మార్ట్ తలుపులు తెరిచేలోగా మీ చేతిలో ఇంకా కొన్ని నెలల గడువు ఉన్నట్టే. కొందరు ఈ గడువును మన గిరాకీ ఎక్కడికి పోతుందిలే అన్న ధీమాతో పోగొట్టుకుంటారు. మరికొందరు భయపడి, అప్పు చేసి, కొట్టుకు అద్దాలూ ఏసీ పెట్టించి, మార్ట్ తెరిచే నాటికి వాయిదాల భారం నెత్తికెత్తుకుంటారు. ఈ గడువులో ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో, ఏది అసలు చేయకూడదో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. ఇది ప్రధానంగా కిరాణా కొట్టు నడిపేవారి కోసం రాసినది. ఫ్యాన్సీ, స్టీలు సామాను, చెప్పులు, రెడీమేడ్ దుకాణాల వారికి పనికొచ్చే సంగతులు కూడా మధ్యలో ఉన్నాయి.

చేయవలసింది స్థూలంగా ఒక్కటే. పెద్ద మార్ట్ చవకగా అమ్మగలిగే సరుకును మీరు క్రమంగా తగ్గించుకోవాలి, అది అమ్మలేని సరుకు మీదా, అది చేయలేని పనుల మీదా మీ డబ్బూ సమయమూ పెట్టాలి. ఈ మాట అనుకోవడం తేలికే. దాన్ని సరుకు సరుకుగా లెక్కగట్టి అమలు చేయడంలోనే ఉంది కష్టమంతా.

మొదటి పని: ఆ చవక ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోండి

డీమార్ట్‌నే తీసుకోండి. దాని వ్యవస్థాపకుడు రాధాకిషన్ దమానీ 2002లో ముంబయిలోని పొవాయ్‌లో తొలి దుకాణం తెరిచారు. ఇప్పుడు దేశంలో 400కు పైగా దుకాణాలు ఉన్నాయి. వాటిలో చెప్పుకోదగ్గ సంఖ్య తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనిదే. ఆ సంస్థ చాలా చోట్ల స్థలమూ భవనమూ సొంతంగా కొనుక్కుంటుంది కాబట్టి అద్దె భారం తక్కువ. సరుకు ఇచ్చే కంపెనీలకు డబ్బు త్వరగా చెల్లించి, అందుకు బదులుగా ధర తగ్గించుకుంటుంది. అన్ని రకాలూ పెట్టకుండా, వేగంగా కదిలే రకాలను మాత్రమే గుట్టలుగా పెడుతుంది. ఆదాయంలో ఐదో వంతుకు పైగా బట్టలు, ప్లాస్టిక్ డబ్బాలు, వంటింటి సామాను వంటి వాటి నుంచి వస్తుంది. వాటి మీద మిగులు ఎక్కువ. పప్పులూ సబ్బులూ జనాన్ని లోపలికి రప్పిస్తాయి, బయటికి వచ్చేటప్పుడు తోపుడు బండిలో పిల్లల టీషర్టూ బకెట్టూ కూడా ఉంటాయి.

ఇది అర్థమైతే రెండు సంగతులు తేలతాయి. ఒకటి, వాళ్లు సబ్బు మీద తగ్గించినంత మీరూ తగ్గిస్తే మీకు పూడ్చుకోవడానికి టీషర్టు లేదు. రెండు, వాళ్ల చవక వెనుక ఉన్నది రొక్కం. చేతిలో రొక్కం లేని పెద్ద సంస్థ కూడా ఈ వ్యాపారంలో నిలవలేదు. 1997లో చెన్నైలో మొదలై, దేశమంతటా సుమారు 1,600 దుకాణాల వరకు వెళ్లిన సుభిక్ష, సరఫరాదారులకూ సిబ్బందికీ చెల్లించడానికి డబ్బు చాలక 2009లో మూతపడింది. మీ కొట్టు చిన్నదైనా, ఈ నెలలన్నింటిలో మీరు కాపాడుకోవలసిన మొదటి వస్తువు గల్లాపెట్టెలోని రొక్కమే. తర్వాత చెప్పబోయే పనులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

రెండో పని: మీ సరుకును మూడు కుప్పలుగా విడదీయండి

ఒక పెద్ద నోటు పుస్తకం తీసుకుని, కొట్టులో ఉన్న ప్రతి సరుకుకూ ఒక వరుస కేటాయించండి. కొన్న ధర, అమ్మే ధర, నెలకు ఎన్ని పోతాయి, ఎన్నాళ్లకోసారి మళ్లీ తెప్పిస్తారు అనే నాలుగు గళ్లు చాలు. కంప్యూటర్ బిల్లింగ్ ఉన్నవారికి ఈ పని ఒక పూటలో అయిపోతుంది, లేనివారు నెల రోజులు రాత్రిపూట అరగంట కూర్చుంటే పూర్తవుతుంది. కొన్న ధర రాసేటప్పుడు, కంపెనీ సరుకు మీకు సరఫరా చేసే ఏజెన్సీ వాళ్లు ఇచ్చే స్కీమునూ, ఉచితంగా వచ్చే పీసులనూ కలిపి లెక్కగట్టండి. లేకపోతే మీ మార్జిన్ మీకే తప్పుగా కనిపిస్తుంది.

తర్వాత మీకు దగ్గరలో ఇప్పటికే ఉన్న అలాంటి మార్ట్‌కు వెళ్లి, మీ దగ్గర ఎక్కువగా పోయే సరుకుల ధరలు చూసి రండి. అంతకన్నా మేలైన దారి మరొకటి ఉంది. చనువున్న ఖాతాదారును అడిగితే నెల సరుకుల బిల్లు ఇస్తారు. ఆ పొడవాటి చీటీని పైనుంచి కిందికి నిదానంగా చదవండి. బట్టల సబ్బులు, పెద్ద సర్ఫు ప్యాకెట్టు, టూత్‌పేస్టు, 5 లీటర్ల నూనె క్యాను, 5 కిలోల గోధుమపిండి, బిస్కెట్ల పెద్ద ప్యాకు, నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు ఉంటాయి. ఇప్పుడు అందులో లేనివాటిని చూడండి. చాలా ఇళ్ల చీటీల్లో 26 కిలోల బియ్యం బస్తా ఉండదు, చింతపండు ఉండదు, ఎండుమిర్చి ఉండదు, పూజ సామాను ఉండదు, కరివేపాకు ఉండదు, మధ్యాహ్నం ఇంటికి చుట్టాలొస్తే అప్పటికప్పుడు కావలసిన పావు కిలో శనగపిండి ఉండదు. ఆ చీటీలో కనిపించని సరుకుల జాబితాయే రేపటి మీ వ్యాపారం.

ఇప్పుడు మూడు కుప్పలు చేయండి. మార్ట్‌లో అమ్మే ధర మీరు కొనే ధర కన్నా తక్కువగా లేదా దాదాపు సమానంగా ఉన్నవి మొదటి కుప్ప. ఉదాహరణకు 130 రూపాయల ఎమ్మార్పీ ఉన్న ప్యాకెట్టు మీకు 117కు పడుతుంది, వాళ్లు 112కు అమ్ముతారు. దీని మీద ఎంత కోపం వచ్చినా ప్రయోజనం లేదు, ఆ పెద్ద ప్యాకెట్టును తెప్పించడం తగ్గించండి. అదే కంపెనీవి 5, 10, 20 రూపాయల చిన్న ప్యాకెట్లు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంచండి. రోజు కూలి చేతికి వచ్చిన మనిషి సాయంత్రం కొనేది వాటినే, వాటి కోసం ఆటో ఎక్కి మార్ట్‌కు వెళ్లరు. ధరలో పెద్ద తేడా లేనివి రెండో కుప్ప. వీటిని ఉంచుకోండి కానీ నిల్వ తగ్గించి తరచుగా తెప్పించుకోండి. మార్ట్‌లో దొరకనివి, దొరికినా మీ దగ్గర ఉన్నంత నాణ్యంగా లేనివి మూడో కుప్ప. కౌంటరు ముందున్న చోటు, వెలుతురు పడే అర ఈ మూడో కుప్పకు ఇవ్వండి. చాలా కొట్లలో ఆ చోటంతా కంపెనీ పోస్టర్లూ షాంపూ తోరణాలూ ఆక్రమించి ఉంటాయి.

మూడో పని: కొనుగోలు పద్ధతి మార్చండి

కిరాణాలో లాభం అమ్మేటప్పుడు కన్నా కొనేటప్పుడే ఎక్కువగా నిర్ణయమవుతుంది. లక్ష రూపాయల సరుకు నెలకు ఒకసారి తిరిగితే ఏడాదికి 12 లక్షల అమ్మకం. నూటికి 10 మిగిలితే 1,20,000 రూపాయలు. అదే లక్ష నెలకు రెండుసార్లు తిరిగితే, ధర తగ్గించి నూటికి 7 మాత్రమే మిగుల్చుకున్నా, 24 లక్షల మీద 1,68,000 రూపాయలు. కాబట్టి 12 డబ్బాలు కొంటే ఒకటి ఉచితమని సేల్స్‌మన్ చెప్పినప్పుడు ఆ ఒక్క డబ్బాను చూడకండి. పన్నెండూ అమ్ముడవడానికి ఎన్ని వారాలు పడుతుందో మీ నోటు పుస్తకంలో చూసి జవాబు చెప్పండి.

మీ పేటలోనే ఉన్న నలుగురైదుగురు కొట్టువాళ్లతో కలిసి కొనడం మొదలుపెట్టండి. పప్పులు, చక్కెర, బెల్లం, ఎండుమిర్చి వంటివి హైదరాబాద్ బేగంబజారు నుంచో, విజయవాడ గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచో, మీకు దగ్గరలోని మండీ నుంచో ఒకే బండిలో తెప్పించుకుంటే రవాణా ఖర్చు పంచుకోవచ్చు, రొక్కం ఇచ్చి కొంత తగ్గించమని అడగవచ్చు. అయితే మొదటి రోజే మూడు విషయాలు ఖాయం చేసుకోండి. ఎవరి సరుకుకు వారి పేరు మీదే జీఎస్టీ బిల్లు రావాలి, డబ్బు ముందే ఇవ్వాలి, తరుగు వస్తే తూకం ప్రకారం పంచుకోవాలి. ఈ మూడూ తేల్చుకోకుండా స్నేహం మీద నడిపితే పొత్తు ఎక్కువ కాలం నిలవదు.

ఏజెన్సీ వాళ్లతో గట్టిగా మాట్లాడవలసింది ఎక్స్‌పైరీ గురించీ డ్యామేజీ గురించీ. తిరిగి తీసుకుంటామని నోటితో అన్న మాట సేల్స్‌మన్ మారగానే గాలికి పోతుంది, బిల్లు మీదే రాయించుకోండి. రొక్కమిచ్చి సరుకు మనమే తెచ్చుకునే హోల్‌సేల్ క్యాష్ అండ్ క్యారీ దుకాణాల్లో సభ్యత్వం ఉంటే అక్కడి ధరలను కూడా మీ నోటు పుస్తకంలో ఒక గడిగా చేర్చండి. కొన్ని సరుకుల్లో ఏజెన్సీ ధర కన్నా అక్కడ తక్కువ ఉండవచ్చు, కొన్నింటిలో ఎక్కువ ఉండవచ్చు.

నాలుగో పని: విడి సరుకు మీద పేరు తెచ్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. కంపెనీ సబ్బు మీ దగ్గరైనా మార్ట్‌లోనైనా ఒకటే, కందిపప్పు మాత్రం ఒకటి కాదు. తాండూరు కందిపప్పు త్వరగా ఉడుకుతుందనీ రుచిగా ఉంటుందనీ తెలిసిన ఇల్లాలు నాలుగు రూపాయల తేడా చూడదు, పప్పు చూస్తుంది. బియ్యమూ అంతే. ఏ మిల్లుది, పాతదా కొత్తదా, ఎన్ని నెలలు మాగింది, కిలోకు ఎన్ని నీళ్లు పోయాలి అనే ప్రశ్నలకు మార్ట్‌లో జవాబు చెప్పే మనిషి ఉండడు. మీరు చెప్పగలగాలి, అందుకోసం ప్రతి కొత్త బస్తా నుంచి గుప్పెడు మీ ఇంట్లో ముందు వండించి చూడండి. సోనా మసూరి అని రాసి ఉన్న సంచులన్నీ ఒకే అన్నం ఇవ్వవని మీకు తెలుసు, ఆ తెలిసిన సంగతే మీ పెట్టుబడి.

మంచి బియ్యం దొరికే ఒకటి రెండు మిల్లులను ఎంచుకుని వాటినే నమ్ముకోండి. కొత్త ఖాతాదారుకు కిలో నమూనా ఇచ్చి, వండుకుని నచ్చితేనే బస్తా తీసుకోమనండి. నచ్చకపోతే తెరిచిన బస్తా అయినా వెనక్కి తీసుకుంటామని చెప్పండి, చెప్పినట్టు తీసుకోండి. వెనక్కి వచ్చిన బస్తాను విడిగా కిలోల లెక్కన అమ్ముకోవచ్చు, నష్టం ఏమీ ఉండదు. ఒక ఇంటి బియ్యం బస్తా మీ దగ్గర ఖాయమైతే, ఆ ఇంటి పప్పూ చింతపండూ బెల్లమూ కూడా దాదాపు మీ దగ్గరికే వస్తాయి, ఎందుకంటే బస్తా మోసుకుంటూ ఇంటికి వెళ్లేది మీ మనిషి.

పప్పులు జల్లెడ పట్టి, రాళ్లూ నూకా తీసి, మూతలున్న పారదర్శకమైన డబ్బాల్లో పెట్టండి. నోరు తెరిచిన గోనె సంచులను ఈ తరం ఖాతాదారు ఇష్టపడరు. అనకాపల్లి బెల్లం, గుంటూరు మిర్చి, నిజామాబాద్ లేదా దుగ్గిరాల పసుపు కొమ్ములు అని రాసి పెట్టేటప్పుడు అవి నిజంగా అక్కడివే అయి ఉండాలి. ఒక్కసారి అబద్ధం బయటపడితే మీ కొట్టుకు మిగిలిన ఒకే ఒక్క బలం పోతుంది.

చట్టం గురించి ఇక్కడే ఒక మాట. వంటనూనెను సీలు లేకుండా విడిగా అమ్మడానికి ఆహార భద్రతా నిబంధనలు ఒప్పుకోవు, కారం, పసుపు వంటి పొడులను కూడా ప్యాకు చేసే అమ్మాలి. గానుగ నూనె అమ్మదలిస్తే సీలూ లేబులూ ఉన్న సీసాలే తెప్పించుకోండి. కారానికి ఒక మంచి దారి ఉంది. మిరపకాయలు విడిగా తూచి, తొడిమలు తీయించి, పక్కనే ఉన్న పిండిమరలో ఖాతాదారు కళ్ల ముందే ఆడించి ఇచ్చే ఏర్పాటు చేసుకోండి. మర యజమానికీ పని దొరుకుతుంది, మీకు మిరపకాయల మీద మార్జిన్ మిగులుతుంది, ఖాతాదారుకు కల్తీ భయం ఉండదు. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు దాటకుండా చూసుకోండి. కాటా తెర ఖాతాదారు వైపు తిప్పి పెట్టండి.

పండుగలూ కాలాలూ ఈ విడి సరుకుకు ప్రాణం. ఆవకాయల కాలంలో ఆవపిండి, కారం, మెంతులు, రాళ్ల ఉప్పు, నువ్వుల నూనె కలిపి 25 కాయలకు ఇంత అని కొలత చెప్పి ఒక జట్టుగా ఇవ్వండి. వరలక్ష్మీ వ్రతానికి, వినాయక చవితికి పూజ సామాను మొత్తం ఒకే సంచిలో కట్టి, ఏదీ మరిచిపోకుండా లోపల చీటీ పెట్టండి. కార్తీకంలో వత్తులు, ప్రమిదలు, అయ్యప్ప దీక్ష సామాను, రంజాన్ నెలలో సేమ్యా, ఖర్జూరం ముందే తెప్పించుకోండి. మీ వీధిలో ఎవరు ఏ పండుగ ఎలా చేసుకుంటారో ముంబయిలో కూర్చున్న కొనుగోలు అధికారికి తెలియదు, మీకు ఇంటి ఇంటికీ తెలుసు.

ఐదో పని: ఖాతా పుస్తకానికి కట్టుబాటు పెట్టండి

మార్ట్ వచ్చాక చిన్న కొట్టును కుంగదీసేది అమ్మకం తగ్గడం కన్నా ముందు అరువు పెరగడం. జీతం వచ్చిన మొదటి వారంలో రొక్కం పట్టుకుని మార్ట్‌కు వెళ్లి, ఇరవయ్యో తారీఖున చేతిలో డబ్బు అయిపోయాక మీ దగ్గరికి వచ్చి రాసుకోమంటారు. ఆ మనుషుల మీద కోపం పెంచుకోవడం న్యాయం కాదు, వాళ్లూ జీతం సాగదీసుకుని బతుకుతున్నవాళ్లే. కానీ కట్టుబాటు లేకపోతే మీ పెట్టుబడి అంతా వాళ్ల ఇళ్లల్లో ఉండిపోతుంది, ఏజెన్సీకి ఇవ్వడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ముందుగా మొత్తం బాకీ ఎంతో లెక్క తీయండి. అది మీ నెల అమ్మకంలో పావు వంతు దాటితే కొత్త అరువు ఆపి, పాతది వసూలు చేసుకోవాలి. తర్వాత ఒక్కో ఇంటికీ ఒక పరిమితి పెట్టండి. పాత ఖాతాదారుకు ఎక్కువ, కొత్తవారికి తక్కువ. పరిమితి ఎంతో వారికి ముందే చెప్పండి, పదిమంది ముందు కౌంటరు దగ్గర చెప్పకండి. రాసిన ప్రతిసారీ బాకీ మొత్తం వాట్సాప్‌లో పంపండి. నెలాఖరున మాటా మాటా అనుకునే అవసరం చాలా వరకు తప్పుతుంది.

మొదటి తారీఖు రొక్కంలో మీకూ వాటా రావాలంటే నోరు తెరిచి అడగాలి. "అక్కా, సబ్బులూ సర్ఫూ అక్కడే తెచ్చుకోండి, నేను అంత తక్కువకు ఇవ్వలేను. బియ్యం, పప్పులు మాత్రం మా దగ్గర తీసుకోండి. నెల చివర్లో ఇబ్బంది ఉంటే రాసుకుంటాను, నేను ఎక్కడికీ పోను" అని చెప్పిన కొట్టాయనకు సాధారణంగా "సరే తమ్ముడూ, బస్తా రేపు పంపించు" అనే జవాబే వస్తుంది. ధరలో ఎక్కడ తగ్గలేరో మీరే ఒప్పుకుంటే, మిగిలిన ధరల మీద నమ్మకం కుదురుతుంది. అరువు ఇవ్వడం వాళ్లకు మీరు చేసే మేలు అన్నట్టు మాట్లాడకండి, ఆ గొంతు విన్నవారు మళ్లీ రారు.

ఆరో పని: ఇంటికి చేర్చడం, వేళలు

రోజూ మార్ట్ తలుపులు తెరిచేలోపే మీ పొద్దుటి అమ్మకం పూర్తి కావాలి. పాలు, పెరుగు, ఇడ్లీ పిండి, గుడ్లు, కొత్తిమీర ఆరు గంటలకే ఉండాలి. ఫోనులోనో వాట్సాప్‌లోనో చీటీ పంపితే ఇంటికి చేర్చండి, కానీ ఎంత దూరం వరకు, కనీసం ఎన్ని రూపాయల సరుకుకు అన్నది ముందే నిర్ణయించుకోండి. కుర్రాడి జీతం, పెట్రోలు కలిపి ఒక్కో డెలివరీకి ఎంత పడుతుందో నెలకోసారి లెక్కగట్టండి. హైదరాబాద్ వంటి నగరాల్లో నిమిషాల్లో సరుకు చేర్చే యాప్‌లు కూడా ఇప్పుడు పెద్ద పోటీగా మారాయి, వాటితో వేగంలో పరుగు పెట్టకండి. మేడ మీద ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు బస్తా లోపలి దాకా తెచ్చి డబ్బాలో పోసి ఇవ్వడం, తప్పు సరుకు వస్తే ఆ పూటే మార్చడం వంటివి మీకు చేతనైన పనులు.

ఏడో పని: మీ కొట్టు మార్ట్ పక్కనే ఉంటే

అమెరికాలో వాల్‌మార్ట్ చిన్న పట్టణాలకు విస్తరించిన కాలంలో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త కెనెత్ స్టోన్ అక్కడి ఊళ్ల అమ్మకాల లెక్కలు ఏళ్ల తరబడి పరిశీలించారు. వాల్‌మార్ట్ అమ్మే సరుకులనే అమ్మిన దుకాణాలు దెబ్బతిన్నాయి. అది అమ్మని సరుకులూ సేవలూ ఉన్న దుకాణాలు, హోటళ్ల వంటివి, పెరిగిన జన సంచారంతో లాభపడ్డాయి. పక్కనున్న చిన్న ఊళ్లు, మార్ట్ తమ ఊళ్లో లేకపోయినా, గిరాకీని పోగొట్టుకున్నాయి. మన దగ్గర కూడా మార్ట్ ఎదురుగా టిఫిన్ బండ్లూ టీ కొట్లూ పూల బుట్టలూ వెలుస్తున్నాయి. మండల కేంద్రంలో మార్ట్ వస్తే అసలు జాగ్రత్త పడవలసింది పది కిలోమీటర్ల దూరంలోని పల్లె కొట్టు, ఎందుకంటే నెలకోసారి బండి కట్టుకుని వెళ్లి మొత్తం సరుకు తెచ్చుకునేది ఆ పల్లె ఇళ్లే.

కాబట్టి మీరు నూరు అడుగుల దూరంలో ఉంటే కిరాణాలో కొంత భాగాన్ని పిండిమరకో, టిఫినుకో, చెరుకు రసానికో మార్చడం ఆలోచించండి. స్టీలు సామాను వారు కుక్కరు గ్యాస్కెట్లు, మిక్సీ జార్ బ్లేడ్లు మార్చే పని పెట్టుకోండి, రెడీమేడ్ వారు కొలత సరిచేసి ఇచ్చే కుట్టుమిషను పెట్టుకోండి, చెప్పుల వారు కుట్టి ఇవ్వండి. మార్ట్‌లో కొన్న మిక్సీ జారుకు కూడా బ్లేడు మార్చవలసిందే.

ఎనిమిదో పని: అప్పులు, అద్దె

రోజువారీ ఫైనాన్స్ జోలికి వెళ్లకండి. 9,000 చేతికి ఇచ్చి, రోజుకు 100 చొప్పున నూరు రోజులు కట్టించుకునే పద్ధతిలో వడ్డీ వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి అది నెలకు నూటికి ఆరు రూపాయల పైన పడుతుంది. కిరాణా మార్జిన్ దాన్ని మోయలేదు. 2021 జూలై నుంచి చిల్లర వ్యాపారులు కూడా చిన్న సంస్థల నమోదు కోసం కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకుని, బ్యాంకులు తప్పనిసరిగా కొంత వాటా రుణాలు ఇవ్వవలసిన ప్రాధాన్య రంగం కిందికి రావచ్చు. చిన్న వ్యాపారాలకు రుణాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు అడగవచ్చు. ఆ డబ్బును మూడో కుప్ప సరుకుకో, ఫ్రిజ్‌కో, కాటాకో వాడండి. ధరల పోటీలో వచ్చిన నష్టం పూడ్చడానికి వాడితే అప్పు మాత్రమే మిగులుతుంది. అద్దె ఒప్పందం గడువు దగ్గర పడుతుంటే మార్ట్ తెరవకముందే యజమానితో కూర్చోండి. మార్ట్ వచ్చాక ఆ రోడ్డులో అద్దెలు పెరుగుతాయన్న ఆశ వారికి ఉంటుంది.

తొమ్మిదో పని: సంఘంతో కలిసి అడగవలసినవి

ధర తగ్గించి అమ్మడాన్ని చట్టంతో ఆపించవచ్చని ఎవరైనా చందాలు అడిగితే నిదానించండి. 2002 నాటి కాంపిటీషన్ చట్టం పోటీదారులను తుడిచిపెట్టడానికి ఖర్చు కన్నా తక్కువకు అమ్మడాన్ని తప్పుపడుతుంది, కానీ ఆ మార్కెట్‌లో ఆధిపత్యం ఉన్న సంస్థ విషయంలోనే. దాన్ని రుజువు చేయడం ఒక ఊరి వర్తక సంఘం వల్ల అయ్యే పని కాదు. విదేశీ పెట్టుబడుల మీద ఉన్న షరతులు స్వదేశీ సంస్థలకు వర్తించవు.

సంఘం పట్టుబట్టవలసింది కంపెనీల దగ్గర. ఒకే సరుకు పెద్ద కొనుగోలుదారుకు ఒక ధరకూ చిన్న కొట్టుకు మరో ధరకూ ఇవ్వడం మీద, 2022 ఆరంభంలో మహారాష్ట్రలో డిస్ట్రిబ్యూటర్లు, అంటే ఏజెన్సీల వాళ్లు, కొన్ని పెద్ద కంపెనీల సరుకుకు సహాయ నిరాకరణ ప్రకటించినప్పుడు, ఆ కంపెనీలు చర్చకు రావలసి వచ్చింది. దేశంలో వాటి సరుకులో అధిక భాగం అమ్మేది ఇప్పటికీ చిన్న కొట్లే. ఆ మాటను గట్టిగా, కలిసికట్టుగా చెప్పే హక్కు మీకుంది. పురపాలక సంఘం దగ్గర అడగవలసినవి కూడా ఉన్నాయి. మార్ట్ వాహనాలు మీ కొట్ల ముందు నిలవకుండా దాని ఆవరణలోనే పార్కింగ్ ఉండేలా చూడమని, భవనం అనుమతుల దశలోనే లిఖితపూర్వకంగా ఇవ్వండి.

పదో పని: ఆరు నెలలకోసారి లెక్క చూసుకోండి

ఢిల్లీలోని ఇక్రియర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ 2008లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, పెద్ద దుకాణాల దగ్గరలోని చిన్న కొట్ల అమ్మకాలూ లాభాలూ మొదట్లో పడిపోయాయి, కాలం గడిచేకొద్దీ ఆ దెబ్బ తీవ్రత తగ్గింది. ఏడాదికి నూటికి 4.2 కొట్లు మూతపడగా, పెద్ద దుకాణాల పోటీ వల్ల మూతపడినవి 1.7. అప్పటికీ ఇప్పటికీ పోటీ చాలా పెరిగింది కాబట్టి ఆ అంకెలను ధైర్యం చెప్పుకోవడానికి వాడకండి. తొలి నెలల్లో అమ్మకం పడిపోవడం చూసి బెదిరి తప్పుడు నిర్ణయాలు తీసుకోకుండా ఉండటానికి మాత్రం అవి పనికొస్తాయి. మొదటి మూడు నెలలూ కొత్త వింత కోసం అందరూ వెళతారు, ఆ కాలంలో ధరలు తగ్గించకండి, సరుకు తక్కువగా తెప్పించుకోండి.

ఆరు నెలల తర్వాత నోటు పుస్తకం తెరిచి మూడు సంగతులు చూడండి. మూడో కుప్ప అమ్మకం పెరుగుతోందా, బాకీలు తగ్గుతున్నాయా, అద్దే కరెంటూ జీతమూ పోగా మీ ఇంటిల్లిపాది చేసే పనికి కూలి గిడుతోందా. మొదటి రెండూ సరిగా ఉంటే మూడోదానికి ఇంకో ఆరు నెలలు ఇవ్వవచ్చు. మూడూ ఏడాది దాటినా బాగుపడకపోతే, అప్పు చేసి లాగడం కన్నా కొట్టు మార్చడమో మూసివేయడమో మేలు, అందులో సిగ్గుపడవలసింది లేదు. అలాంటి నిర్ణయం తీసుకుంటే అందరికీ చెప్పే ముందే బాకీలు వసూలు చేసుకోండి, ఎందుకంటే మూసేస్తున్నారని తెలిశాక కట్టేవారు తక్కువ. ఎక్స్‌పైరీ దగ్గరపడిన సరుకును ఏజెన్సీలకు తిరిగి ఇచ్చి బిల్లుల్లో తగ్గించుకోండి, మిగిలినదాన్ని కలిసి కొనే మిత్రులకు కొన్న ధరకే ఇవ్వండి, అద్దె అడ్వాన్సు వెనక్కి ఇచ్చే తేదీని యజమానితో రాయించుకోండి. కాటా, ఫ్రిజ్, డబ్బాలు చివరి రోజు దాకా అమ్మకండి. పక్క వీధిలో చిన్న గదిలో బియ్యం, పప్పుల వరకు మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే అవే కావాలి.